పసుపు మొక్క ఎండితే పండినట్టే

వేసవి సగం దాటేసరికి మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళకి ఓ ఆలోచన వస్తుంది. "డబ్బాలో పసుపు కొమ్ములున్నాయిగా, రెండు కుండీలో గుచ్చితే మొలకెత్తవూ?" అని. ఎత్తవండీ. కొట్లో కొన్న ఎండు కొమ్ము రైతు దగ్గరే ఉడికిపోయి వస్తుంది. తవ్విన దుంపల్ని ముప్పావుగంటో గంటో ఉడకబెట్టి, పది పదిహేను రోజులు కళ్ళంలో ఆరబోసి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాకే అది బస్తాకెక్కుతుంది. ఉడికిన పెసలు పాతితే మొలకలొస్తాయా మరి?

మనక్కావలసింది పచ్చి కొమ్ము. సంక్రాంతి నుంచి ఉగాది దాకా రైతుబజారులో వెతికితే దొరుకుతుంది. వడలిపోకుండా గట్టిగా ఉండి, రెండు మూడు కళ్ళున్న ముక్క చూసి తెచ్చుకోండి. వెంటనే పాతాల్సిన పనిలేదు. ఓ మూల నీడలో ఇసుకలో కప్పి ఉంచితే, ఎండలు తగ్గే వేళకి కళ్ళ దగ్గర అదే ఉబ్బుతుంది. మృగశిర కార్తె రాగానే పాతేయండి.

కుండీ లోతుకంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే పసుపు కిందికి దిగదు, పక్కలకి పాకుతుంది. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి, కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున పెట్టి మట్టి కప్పితే చాలు. ఆపైన ఓపిక పట్టాలి. రెండు వారాలకీ కనబడకపోవచ్చు, మూడుకీ కనబడకపోవచ్చు. బతికుందా లేదా అని రోజూ తవ్వి చూసేవాళ్ళున్నారు. అలా చూస్తే లేత మొలక విరుగుతుంది, దాంతో కథ కంచికి.

ఎండ విషయంలో దీనికి పేచీ లేదు. నిజామాబాద్ వైపు పసుపులో మొక్కజొన్న వేస్తారు, కోస్తాలో ఆముదమో అవిసో నాటుతారు. ఆ నీడ దానికి హాయి. అంచేత మీ బాల్కనీకి పూటంతా ఎండ రాదని బెంగపడక్కర్లేదు. వానలు ముదిరాక మొక్క మొదట్లో కొత్త కొమ్ములు మట్టి పైకి తొంగిచూస్తాయి. ఓ గుప్పెడు ఎరువూ మట్టీ ఎగదోసి కప్పండి. ఆకుల మధ్య నుంచి పువ్వు లేచిందా, చూసి సంతోషించండి గానీ విత్తనాల కోసం కాచుకోకండి. కొమ్ము నుంచి కొమ్మే దీని వంశం.

ఇంక అసలు సంగతికొస్తాను. ఇళ్ళలో పసుపు మొక్క రెండుసార్లు పచ్చబడుతుంది. ఆ రెండింటికీ తేడా తెలియకే జనం నష్టపోతారు.

మొదటిది వానల్లో. మొక్క ఇంకా ఎదుగుతుండగానే ఆకు అంచులు ఎండి, కాండం మొదట్లో మెత్తబడి, పట్టుకు లాగితే చేతిలోకి ఊడొస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళు వాసన. అదే దుంపకుళ్ళు. ఎకరాల రైతుకైనా, ఒక్క కుండీ ఆసామికైనా పెద్ద శత్రువు అదే. కుండీ అడుగు చిల్లు మూసుకుపోవడం, మనం ప్రేమకొద్దీ పొద్దునా సాయంత్రం నీళ్ళు గుమ్మరించడం, దీనికివి చాలు. పైమట్టిలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయండి.

రెండోది పుష్యమాఘాల్లో. ఎనిమిదో తొమ్మిదో నెల నిండగానే కింది ఆకుల నుంచి మొదలుపెట్టి కుండీ కుండీ అంతా పసుపెక్కి, ఎండి వాలిపోతుంది. మా పక్కింటి పిన్నిగారు "అయ్యో, పోయిందమ్మా మొక్క" అని చెత్తబండికి ఇవ్వబోతే ఆపాను. "పోలేదు పిన్నిగారూ, పండింది. నీళ్ళు ఆపేసి, ఆకులు పూర్తిగా ఎండాక బోర్లించండి" అన్నాను. బోర్లిస్తే మట్టిగడ్డలో తల్లి దుంప, దాని చుట్టూ వేళ్ళలా పిల్ల కొమ్ములు. ఒకటి పుటుక్కున విరిచారు. లోపల ముదురు నారింజ రంగు, ఘాటైన మట్టివాసన. ఆవిడ గోళ్ళకి పట్టిన రంగు ఓ పట్టాన వదల్లేదు. తెల్ల తువ్వాలుకి తుడుచుకుని సబ్బు రాస్తే మరక ఎర్రబడింది. సున్నం కలిపితే కుంకుమ రంగు వస్తుంది చూడండి, ఇదీ అదే మర్మం. కంగారుపడకుండా ఎండలో ఆరేస్తే పసుపు రంగు దానంతటదే వెలుస్తుంది.

కుండీ పంటతో ఏడాది పసుపు వెళ్ళిపోతుందని ఆశపెట్టను. అయిదు కిలోల పచ్చి దుంప ఎండితే మిగిలేది కిలో అటూఇటూ. పుల్ల గుచ్చితే దిగేదాకా ఉడకబెట్టి, విరిస్తే టక్కుమనేదాకా ఎండబెట్టి దంచితే, ఓ చిన్న సీసా నిండుతుంది. ఆ లెక్క చూస్తే రైతు కష్టం కొంతైనా తెలుస్తుంది. మైదుకూరు, దుగ్గిరాల, ఆర్మూరు లాంటి మన పేరున్న రకాలు తొమ్మిది నెలలు పొలాన్ని కదలనివ్వవు. ఎకరానికి టన్ను దాకా విత్తనమే కావాలి. అంతా అయ్యాక యార్డులో ధర పడిపోతే ఆ కడుపుమంట ఎవరితో చెప్పుకోవాలి? 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలబడ్డారంటే, వాళ్ళలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులేనంటే, అదీ కారణం. వాళ్ళడిగిన పసుపు బోర్డు 2025 సంక్రాంతికి మొదలైంది. ధర సంగతి బోర్డు పేరు తేల్చదు, యార్డు తేలుస్తుంది.

కాబట్టి నా మాట విని ఈ మృగశిరకి ఒక్క పచ్చి కొమ్ము పాతండి. వానల్లో నీళ్ళు తగ్గించండి. మాఘంలో ఆకులు ఎండాయని మాత్రం కుండీ పారేయకండి, ముందు తవ్వి చూడండి. తవ్వినదాంట్లో రెండు కొమ్ములు వచ్చే ఏటికి దాచి, ఇంకో రెండు పక్కింటివాళ్ళకి ఇవ్వండి.