కొరత: ఒక మాట, రెండు అర్థాలు

కొరత అనగానే నేటి పాఠకునికి నీటికొరతో, బియ్యపు కొరతో స్ఫురిస్తుంది. పూర్వం ‘కొరత వేయుట’ అంటే మొనదేలిన కొయ్యకు మనిషిని గుచ్చి చంపడం. సంస్కృతంలో ఆ కొయ్య శూలం. కడుపులో పొడిచే నొప్పికీ శూల అనే పేరు.

మహాభారతం ఆదిపర్వంలో, దొంగలు దాచిన సొమ్ము ఆశ్రమంలో దొరకగా మాండవ్య మహర్షిని కొరత వేశారు. ఆయన ప్రాణాలతో దిగినా, కొయ్యమొన దేహంలోనే నిలిచిపోయింది. మొనకు ‘అణి’ అని పేరు, అందుచేత అణిమాండవ్యుడయ్యాడు.

బాల్యంలో తూనీగలను గుచ్చిన ఫలమిది అన్నాడు యమధర్మరాజు. తెలియని వయసు తప్పుకు ఇంతటి దండనా అని మహర్షి ఆయననే శపించాడు. 14 ఏండ్లలోపు పిల్లలకు పాపం అంటదని కట్టడి చేశాడు. కొరతకు ఆ పాత అర్థం నేడు మరుగున పడింది. ఆ బాధ పడినవాడు బాల్యానికి గీసిన రక్షణరేఖ మాత్రం కథలో చెక్కుచెదరలేదు.