వరంగల్లులో టీ, నర్మద బ్రిడ్జి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు చదవను, రాయను నేర్చింది రిటైరయినాకే. తప్పులుంటే సర్దుకోండి.

మా నాయన ఎప్పుడూ ఒక మాట అనేవాడు: "ప్రతాపరుద్రుడు పోయినాకనే మనవాళ్ళు ఓరుగల్లు వదిలి ఇట్లా వచ్చినారు." బడిలో నేను బట్టీ పట్టింది పల్లవ, చోళ, పాండ్య రాజులను. కాబట్టి నాయన మాట కథ అనుకునేవాణ్ణి.

1988లో పాసు మీద ఢిల్లీకి జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో పోయినాను. తెల్లవారకముందే వరంగల్లు వచ్చింది. ప్లాట్‌ఫారం మీద టీ తాగి మళ్ళీ పడుకున్నాను. ఇటార్సీ దాటినాక హోషంగాబాద్ దగ్గర నర్మద బ్రిడ్జి. పక్క సీటు పెద్దావిడ నీళ్ళలోకి చిల్లర వేసి దండం పెట్టింది. ఆమెను చూసి నేనూ పావలా వేసినాను.

ఇంటికి రాగానే నాయన అడిగినాడు, "ఓరుగల్లు చూసినావా?"

"టీ బాగాలేదు" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకు తెలుగులో మెల్లగా కూడబలుక్కుని చదివితే తెలిసింది. రుద్రమదేవి మనవడు ప్రతాపరుద్రుడు. 1310లో మాలిక్ కాఫూర్‌కు కప్పం కట్టి రాజ్యం నిలుపుకున్నాడు. ఉలుగ్ ఖాన్, అంటే తరవాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, మొదటిసారి వచ్చి కోట పట్టలేక వెనక్కి పోయినాడు. రెండోసారి, 1323లో పట్టుకున్నాడు. రాజును ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయినాడని ప్రోలయ నాయకుని విలస శాసనం చెపుతుంది. తన ఇష్టంతోనే దేవలోకం పోయినాడని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం. ఖైదీగా ఢిల్లీ చేరకుండా ప్రాణం తీసుకున్నాడని పండితులు అర్థం చెపుతారు. ఏ రేవు దగ్గరో శాసనాల్లో లేదు. నేను పావలా వేసిన చోటే అని నేనూ చెప్పను.

ఇంకొకటి. మనమందరమూ 1323లో పారిపోయి వచ్చినవాళ్ళమే అని సావనీరులో వేస్తామంటే నేను వద్దన్నాను. కొందరికి కోపం వచ్చింది. అంతకు ముందే, 1316లో, ప్రతాపరుద్రుని సేనాని ముప్పిడి నాయకుడు కంచి పట్టినాడు. వరదరాజ పెరుమాళ్ గుడిలో శాసనం ఉంది. ఆ గుడికి నేను ఎన్నిసార్లు పోయినానో లెక్కలేదు, ఒక్కసారీ గోడ చూడలేదు. విజయనగరం కాలంలో, నాయకరాజుల కాలంలో వచ్చిన కుటుంబాలు ఇంకా ఎక్కువ. మా ఇల్లు ఏ వరసలోదో చెప్పే కాగితం మా దగ్గర లేదు. నాయన మాట మాత్రం ఉంది.

వచ్చే నెల మనవణ్ణి తీసుకుని పోతున్నాను. వాడికి తమిళమూ ఇంగ్లీషూ తప్ప రాదు. ఈసారి వరంగల్లులో దిగుతాము. కోటలో నాలుగు రాతి తోరణాలు ఇంకా నిలబడి ఉన్నాయి. కలిసి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఆదివారంలోగా చెప్పండి, టికెట్టు నేనే తీస్తాను.