ముప్పై కిలోల ప్రయాణం

విదేశయాత్రలను గురించి మన పత్రికలలో చాలానే వచ్చాయి. లండను చలి, పారిస్ వీధులు, న్యూయార్కు మేడలు అన్నీ చదివి ఆనందించాము. కాని మన దేశంనుంచి పరదేశాలకు విమానమెక్కేవారిలో ఎందరో అక్కడి వింతలు చూడటానికి పోరు. నాలుగు రాళ్లు వెనకేసుకోవటానికి పోతారు. వాళ్ల యాత్రా చరిత్రలు ఎవరూ వ్రాయరు. అయితే తక్కువ ఖర్చుతో పరదేశంలో మసలటం అనే విద్య వాళ్లకు తెలిసినంతగా మనబోటివాళ్లకు తెలియదు. మా సీమలో ఆ విద్యకు పీఠం పాత కడప జిల్లా. రాయచోటి, రాజంపేట, కోడూరు, బద్వేలు ప్రాంతాలలో కువైటు అనే మాటను పక్క ఊరి పేరు పలికినట్టు పలుకుతారు.

నేను ఆదోనిలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. మొన్న మాఘమాసంలో చెన్నపట్నం ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఒక తాళపత్ర ప్రతి చూడవలసిన పని పడి రాత్రి రైలెక్కాను. బొంబాయినుంచి మద్రాసుకు పోయే పాత దారి అది. ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప, రాజంపేట, రేణిగుంట. ప్లాట్‌ఫారం మీద కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల కుటుంబాలు బియ్యం మూటలు, సత్తు గిన్నెలు, చంకన పిల్లలతో వేరే బండికోసం కాచుకొని ఉన్నాయి. గుంటూరు సీమలో మిరపకాయల కోతకు పోతున్నారు. దీన్ని వాళ్లు ‘సుగ్గి’కి పోవటం అంటారు. వాళ్లకు అదే పరదేశం. పడమటి కర్నూలు సుగ్గికి గుంటూరు ఎట్లాగో, కడపకు కువైటు అట్లాగ అనుకోవచ్చు. దూరంలోనే తేడా.

పరదేశమంటే గుర్తుకు వచ్చింది. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసునుంచి కాశీకి బయలుదేరి కడప మీదుగా వచ్చారు. అప్పుడు కడప కుంపిణీవారిది, కర్నూలు నవాబుది. 1839 దాకా ఆ నవాబు ఏలుబడి సాగింది. అంటే ఆ రోజులలో కడపనుంచి కర్నూలు పోవటమే ఒక దేశంనుంచి మరో దేశానికి పోవటం! వీరాస్వామయ్యగారికి పల్లకీ, బోయీలు, పరివారం ఉన్నా, ఏ మజిలీలో ఏ సామాను దొరుకుతుందో, నీళ్లెట్లా ఉంటాయో జాగ్రత్తగా వ్రాసి పెట్టుకున్నారు. తెలివైన బాటసారి ఏ కాలంలోనైనా ఆ పని చేస్తాడు.

కడప చేరేసరికి అర్ధరాత్రి దాటింది. నలభై అయిదేళ్ల ఇల్లాలు ఒకామె పెద్ద పెట్టెతో ఎక్కింది. వెంట ఒక కుర్రవాడు. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. కువైటులో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. రెండు నెలల సెలవు అయిపోయి తిరిగి పోతున్నది. ఆ కుర్రవాడికి ఇదే మొదటి ప్రయాణం. ఆమె ఊరివాడే కాబట్టి ఆమె వెంట పంపారు. సీటు కింద పెట్టె సర్దగానే ఆమె సంచీలోంచి కొక్కెం కాటా ఒకటి తీసి, కుర్రవాడిచేత పెట్టెను దానికి వేలాడదీయించి అంకె చూచింది.

“ముప్పై సార్. టిక్కెట్టులో ముప్పయ్యే రాసిండారు. ఒక కిలో ఎక్కువైనా విమానమోళ్లు దుడ్డు పిండుతారు. ఇంట్లో మూడుసార్లు తూకమేసినా మళ్లీ చూడాల్సిందే.”

పెట్టెలో ఏముందని అడిగాను. రాగిపిండి, చెనిక్కాయల పొడి, చింతపండు, గోంగూర ఊరగాయ. చేతిసంచీలో దారికి చిత్రాన్నం పొట్లం, ఖాళీ నీళ్లసీసా. విమానాశ్రయంలో సోదా చేసేచోట నీళ్లసీసా వదిలేయమంటారు గదా, ఆమె ఖాళీ సీసాతో లోపలికి పోయి అక్కడి కుళాయిలో పట్టుకుంటుంది. డబ్బు మార్చుకోవటం విమానాశ్రయంలో మాత్రం పనికిరాదట, అక్కడ మారకం ధర బొత్తిగా నష్టం. ఇంటికి పంపే డబ్బు నెలకు ఒకేసారి పంపాలట, పది పంపినా వంద పంపినా రుసుము ఇంచుమించు ఒకటే కనుక.

“దినారుకు వెయ్యి ఫిల్సులు సార్. వంద ఫిల్సులంటే చిల్లరే గదా అనిపిస్తాది. మన లెక్కలో పాతిక రూపాయలకు పైమాట. అందుకే నేను ఫిల్సుల్లో చూడను, రూపాయల్లోనూ చూడను. వడ్డీలో చూస్తా.”

మూడు బోర్లు వేయించాడట ఆమె భర్త. మూడూ ఎండిపోయాయి. నాలుగు లక్షల అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు ఎనిమిది వేలు. ఇంటి పనివారి కోసం కువైటు ప్రభుత్వం 2015లో ఒక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. మరి సెలవు ఇస్తారా అంటే నవ్వింది.

“ఇస్తారు సార్, మంచోళ్లే. బయటికి పోతే ఖర్చని నేనే పోను. ఏడేండ్లాయ. సముద్రం ఆడనే ఉందంటారు, సరిగ్గా చూసింది రెండుసార్లు.”

ఈ మాటకు నాదగ్గర జవాబు లేకపోయింది. పొదుపును గురించి పిల్లలకు వ్యాసాలు వ్రాయించేవాణ్ణి.

కుర్రవాడు ఇంతసేపూ ఫోను చూచుకుంటున్నాడు. వాడి వీసా కాగితం చూపమన్నది. చూచి, “ఇది ఇరవై నెంబరు గదరా” అన్నది. కువైటులో 20వ నెంబరు వీసా ఇంటిపనికి, 18వ నెంబరు కంపెనీ పనికి. మనవాళ్లు మొదటిదాన్ని ఖద్దామా వీసా అంటారు. కుర్రవాడికి ఏజెంటు చెప్పింది సూపర్ బజారులో ఉద్యోగమట. ‘ఆజాద్ వీసా, ఎక్కడైనా చేసుకోవచ్చు’ అన్నాడట. లక్షా యాభై వేలు తీసుకున్నాడు. రసీదు లేదు. ఆ డబ్బు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. అంటే పని దొరికినా దొరకకపోయినా నెలకు నాలుగున్నర వేలు.

“ఆజాదూ లేదు, గీజాదూ లేదు. వీసా ఎవురి పేరుతో ఉందో ఆ ఇంట్లోనే చెయ్యాల. బయట చేస్తే పట్టుకొని పంపిస్తారు నాయనా.”

పాఠకులలో ఎవరి ఇంటినుంచైనా ఇట్లా పోయేవారుంటే చెబుతున్నాను. 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటే మనిషిని పంపాలి. అతడు పుచ్చుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి. అంతా కలిపితే 35,400. రసీదు ఇచ్చి తీరాలి. లైసెన్సు ఉన్నదీ లేనిదీ ప్రభుత్వంవారి ‘ఇ-మైగ్రేట్’లో చూచుకోవచ్చు. ఈ కుర్రవాడు పదో తరగతి పాసయ్యాడు. అందుచేత పాస్‌పోర్టులో వలస తనిఖీ ముద్ర లేదు, వాడి ఒప్పందం కాగితం చూచే అధికారీ లేడు. చదువు వాడికి చేసిన మేలు అంతవరకూ వచ్చింది! కాఫీ మానేసి, టీ మానేసి ఎన్నేళ్లు పొదుపు చేస్తే లక్షా పదిహేను వేల తేడా పూడుతుంది?

దిగిపొమ్మని అందామా అంటే వడ్డీ దిగదు గదా. అక్క మాత్రం ఒక పని చేసింది. వీసాలో ఉన్న యజమాని పేరు, ఫోను నెంబరు కాగితం మీద వ్రాయించి వాడి చొక్కా జేబులో పెట్టించింది. మన రాయబార కార్యాలయం నెంబరు కూడా దాని కిందనే వ్రాయించింది. “ముందు ఆ ఇంటికే పో. డ్రైవరు పనో, తోట పనో, ఏది చెప్తే అది చెయ్. దుకాణాల మాట మరిచిపో.” తన పెద్దన్న 1990లో ఇరాక్ సైన్యం కువైటు మీద పడ్డప్పుడు అక్కడే ఉన్నాడట. ఆ ఏడు ఎయిరిండియా విమానాలు జోర్డాను రాజధాని అమ్మాన్‌నుంచి లక్షమందికి పైగా దేశానికి చేర్చాయి. ఆ అన్న బొంబాయిలో దిగి, కట్టుగుడ్డలతో, ఇదే రైలుదారిన కడపకు వచ్చాడు. “పానం తెచ్చుకున్న్యాడు సాలు అన్న్యాది మా యమ్మ” అని చెప్పి కళ్లు తుడుచుకుంది.

రాజంపేటలో బండి రెండు నిమిషాలు ఆగింది. ఆ వేళప్పుడు ఒక ముసలమ్మ కిటికీ కిటికీ వెదుక్కుంటూ వచ్చి ఈమె చేతిలో గుడ్డమూట ఒకటి పెట్టింది. కువైటులో ఉన్న కొడుక్కట. బండి కదిలింది. వెంటనే ఈమె మూట విప్పి ఒక్కొక్క పొట్లమే చూడటం మొదలుపెట్టింది. ఇతరులిచ్చింది విప్పకుండా మోయరాదన్నది ఆమె నియమం. ఓళిగలు ఉన్నాయి, నిమ్మకాయ ఊరగాయ ఉంది. మూడోది మాంసంకూర మసాలా. వాసన చూచి, వేలితో నలిపి, “గసాలు” అన్నది.

గసగసాలు లేనిదే మా సీమలో కోడికూర లేదు. గల్ఫు దేశాలలో చాలాచోట్ల అవి మత్తుమందు కింద లెక్క. పొట్లం దొరికితే జైలే. ఆ ముసలమ్మకు ఈ సంగతి ఎట్లా తెలుస్తుంది?

ఓళిగలు, ఊరగాయ కలిసి కిలో ఉన్నాయి. పెట్టెలో ముప్పై ముందే నిండింది. ఆమె కొంచెంసేపు ఆలోచించి తన రాగిపిండి కిలో సంచి బయటికి తీసి, ఆ రెండూ లోపల పెట్టింది. పిండి, మసాలా నా ఒళ్లో పెట్టింది.

“పిండి మీరు తినండి సార్. ఇది మాత్రం పారెయ్యొద్దండి. గసాలు శానా పిరెము. వచ్చేటప్పుడు ఆయవ్వకు ఇచ్చెయ్యండి, నేను ఫోను చేసి చెప్తా.”

మూడోనాడు తిరుగుబండిలో రాజంపేట వచ్చేసరికి ముసలమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. కిటికీలోంచి పొట్లం అందించాను. అటూ ఇటూ తిప్పి చూచి, “బరువు ఎక్కువైందా నాయనా?” అన్నది.

“అవునవ్వా, కొంచెం ఎక్కువైంది” అన్నాను. బండి కదిలింది.