లెక్కల రోజు కడుపునొప్పి

మూడో తరగతి పాప. బడి వేళకు కడుపునొప్పి, ఆదివారం మాత్రం ఉండదు. స్కానింగులో ఏమీ లేదు. “తెలుగు గడగడా చదువుతుంది డాక్టరుగారూ, లెక్కలంటేనే బద్ధకం” అంది తల్లి. బల్ల మీద ఐదు చింతపిక్కలు పెట్టి లెక్కపెట్టించాను. వాటినే కాస్త ఎడంగా జరిపి “ఇప్పుడెన్ని?” అన్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఎనిమిదీ ఏడూ కూడమంటే చేతులు బల్ల కిందకు పోయాయి. వేళ్లు మడిస్తే బడిలో కొడతారట!

కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అది అటుంచి, వేళ్లు ఆ పాపకున్న ఒకే ఒక్క ఆసరా. ‘ఐదు’ అనగానే ఎంతో మనసుకు తట్టకపోవడాన్ని డిస్‌కాల్కులియా అంటాం. ఇది తెలివితక్కువతనం కాదు, బద్ధకం అసలే కాదు. బట్టీ పట్టించిన ఎక్కాలు ఇలాంటి పిల్లల దగ్గర వారం నిలవవు. ఈ పాపకు పుల్లలు పదేసి కట్టలు కట్టించాం. ఎనిమిదిని మనసులో ఉంచుకుని తొమ్మిది, పది అంటూ ముందుకు లెక్కించడం నేర్పాం. రోజూ కొద్దిసేపే, గడియారం పెట్టకుండా. కడుపునొప్పి ముందు తగ్గింది, మార్కులు చాలా నెమ్మదిగా పెరిగాయి. తల్లిదండ్రులు ఆ వరసనే ఆశించాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు.

అయితే లెక్కలు రాని ప్రతి బిడ్డకూ ఈ పేరు తగిలించడం తప్పు. ఒక బాబుకు బోర్డు మీది 6, 8లా కనిపించేది, కళ్లద్దాలతో సరిపోయింది. ఇంకొకడు ఎక్కం చెబుతూ మధ్యలో ఆగి, ఎటో చూస్తూ ఉండిపోయి, ఎక్కడ ఆపాడో మరిచిపోయేవాడు. పరధ్యానమని తిట్లు తిన్నాడు. నా ఎదుట గట్టిగా ఊపిరి తీసి వదలమంటే అలాగే ఆగిపోయాడు. ఈఈజీలో మూర్ఛ బయటపడింది. కొన్ని సెకన్లే ఉండి పోయే రకం అది, పడిపోవడం, కొట్టుకోవడం ఉండవు. మందులతో తగ్గింది.

రక్తహీనత ఉన్న పిల్లలకూ చదువు మీద మనసు నిలవదు. అందుకే తల్లిదండ్రులకు నా విన్నపం: ట్యూషన్ మాస్టారిని మార్చేముందు ఒక్కసారి కళ్లు, చెవులు, రక్తం పరీక్ష చేయించండి.