నంబరు ప్లేటు పక్కనే ఉన్న హెచ్చరిక



అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులు ప్రయాణానికి ముందు రక్తపోటు మాత్రల గురించీ, చక్కెర వ్యాధి గురించీ, ఆరోగ్య బీమా గురించీ నన్ను అడుగుతూ ఉంటారు. వారెవరూ అడగని ఒక విషయం ఈసారి రాస్తున్నాను. అది ఏటీవీ అనే వాహనం గురించి.

నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిలుకు ఉన్నటువంటి హ్యాండిలు, గుర్రమెక్కినట్లు కాళ్లు చెరోవైపు వేసి కూర్చునే సీటు – ఇదీ దాని రూపం. కొందరు క్వాడ్ బైక్ అంటారు. ఇసుకలో, బురదలో, కొండదారుల్లో తిరగడానికి తయారైన బండి ఇది. మన దగ్గర కూడా సముద్రతీరాల్లో, నగర శివార్లలోని రిసార్టుల్లో మీరు చూసే ఉంటారు.

కొంతకాలం క్రితం అరిజోనాలో మా అబ్బాయి ఇంట ఉన్నప్పుడు, పొరుగువారి ఏటీవీని చూసి పద్నాలుగేళ్ల మా మనవడు ముచ్చటపడ్డాడు. నేను వద్దన్నాను. "తాతయ్యా, దీనికి నంబరు ప్లేటు ఉంది కదా! రోడ్డు మీద తిరగవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇంకా భయమెందుకు?" అన్నాడు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదది. బండి దగ్గరకు వెళ్లి పరిశీలించాను. నంబరు ప్లేటు ఉన్నమాట నిజమే. చక్రంపై రేకు మీద తయారీదారు అంటించిన హెచ్చరిక కూడా ఉంది: తారు రోడ్లపై, ప్రజా రహదారులపై నడపరాదు; వెనుక మరొకరిని ఎక్కించుకోరాదు; పదహారేళ్లలోపువారు నడపరాదు; శిరస్త్రాణం ధరించాలి. ఒకే బండి మీద ప్రభుత్వం ఇచ్చిన అనుమతీ, తయారుచేసినవారు చేసిన నిషేధమూ పక్కపక్కనే ఉన్నాయి.

ఈ వైరుధ్యం ఎలా వచ్చింది? అమెరికాలో ఈ విషయమై ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. కాలిఫోర్నియాలో ఏటీవీని సాధారణ రహదారి వాహనంగా నమోదు చేయరు. అరిజోనాలో ముందు దీపాలు, బ్రేకు దీపం, హారను, అద్దం వంటివి అమర్చి నమోదు చేయించుకుంటే రహదారిపై నడపనిస్తారు. డ్రైవింగు లైసెన్సు తప్పనిసరి. పద్దెనిమిదేళ్లు దాటినవారికి మాత్రం అక్కడ శిరస్త్రాణం నిర్బంధం కాదు. పల్లెల్లో పొలానికీ ఇంటికీ మధ్య తిరిగేవారి సౌకర్యం కోసం ఇటువంటి సడలింపులు అవసరమే కావచ్చు. కానీ దీపం, హారను ఎదుటివారికి మన ఉనికిని తెలియజేస్తాయి. బండి నిర్మాణాన్ని అవి మార్చలేవు. ప్రమాదం ఆ నిర్మాణంలోనే ఉంది.

మన ఎద్దులబండిని తలచుకోండి. ఇరుసు కదలదు, రెండు చక్రాలూ దాని చుట్టూ వేటికవే తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోతాయి కాబట్టి ఆ స్వేచ్ఛ అవసరం. కారులో ఈ పనిని డిఫరెన్షియల్ చేస్తుంది. చాలా ఏటీవీలలో వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉండి, ఒకే వేగంతో తిరుగుతాయి. ఇసుకలో ఒక చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు, పట్టుకుంటుంది. బండి తిరగనని మొరాయిస్తుంది, లేదా ఒక్కసారిగా ఒరిగిపోతుంది. దీనికి తోడు, కారు టైరులో సుమారు 30 పీఎస్‌ఐ గాలి ఉంటే వీటిలో సాధారణంగా పది లోపే ఉంటుంది. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. వెనుక మరొకరు కూర్చుంటే నడిపేవారు ఒళ్లు వంచి బండిని అదుపు చేసే వీలు కూడా పోతుంది.

మూడు చక్రాల ఏటీవీలు మరింత ప్రమాదకరమని తేలడంతో 1988లో అక్కడి ప్రభుత్వానికీ, ప్రధాన తయారీ సంస్థలకూ కుదిరిన ఒప్పందం మేరకు వాటి అమ్మకాన్ని నిలిపివేశారు. నాలుగు చక్రాల బండి దానికన్నా స్థిరమైనదే. అంతమాత్రాన అది కారు కాదు.

ఇక వైద్యుని మాట. బోల్తాపడిన బండి తరచుగా మనిషి మీదే పడుతుంది. పెద్దల ఏటీవీ బరువు సుమారు మూడు వందల కిలోలు. ఛాతీపై ఆ భారం పడితే ఎముక ఒక్కటీ విరగకపోయినా ఊపిరి ఆడక నిమిషాలలో ప్రాణం పోవచ్చు. తల, మెడ, వెన్నెముక గాయాల సంగతి చెప్పనక్కరలేదు. పిల్లల విషయంలో మరో మోసకారి గాయం ఉంది. హ్యాండిలు కొన పొట్టలో గుచ్చుకున్నప్పుడు పైన చిన్న కమిలిన మచ్చే కనబడుతుంది. లోపల ప్లీహం, కాలేయం, క్లోమం, పేగు దెబ్బతిని ఉండవచ్చు. పిల్లవాడు లేచి ఆడుకుంటున్నాడని నిశ్చింతగా ఉండకండి. కడుపునొప్పి, వాంతులు, ముఖం పాలిపోవడం, భుజంలో నొప్పి – ఇవి కొన్ని గంటల తరువాతో, మరునాడో కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పదహారేళ్లలోపు పిల్లలకు ఏటీవీ తగదని అమెరికా శిశువైద్యుల అకాడమీ ఎంతోకాలంగా చెబుతూనే ఉంది.

మన దేశంలో స్థితి వేరు. మోటారు వాహనాల చట్టం, 1988, 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని మోటారు వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. రహదారి వాహనంగా ఆమోదం పొందని ఏటీవీని సరదాకైనా రిసార్టు గేటు దాటించి రోడ్డెక్కించడం చట్టవిరుద్ధం. పైకప్పు కలిగి, రహదారికి అనుమతి ఉన్న క్వాడ్రిసైకిల్ అనే చిన్న వాహనం వేరు. పేరు చూసి పొరబడవద్దు.

మీకు నా సూచనలు ఇవి. ఎక్కాలనే కోరిక ఉన్న పెద్దలు శిక్షణ పొంది, రహదారికి దూరంగా, ఒక బండికి ఒక్కరే, శిరస్త్రాణంతో ఎక్కండి. మనవలను ముందో వెనుకో కూర్చోబెట్టుకోకండి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు ఈ సరదాను వదులుకోవడమే మేలు. వారికి చిన్న పాటు కూడా పెద్ద ఆపద కాగలదు. ప్రయాణ బీమా పత్రంలో సాహస క్రీడల మినహాయింపు ఉందేమో చదవండి. చాలా పాలసీలలో ఉంటుంది.

ప్రమాదం జరిగితే ముందు ఇంజను ఆపండి. బండి మనిషి మీద ఉంటే నలుగురూ కలిసి బండిని పైకెత్తండి; మనిషిని కింది నుంచి లాగకండి. రక్తస్రావం ఉన్నచోట గుడ్డతో గట్టిగా అదమండి. మెడ కదలనీయకండి. శ్వాసకు అడ్డమైతే తప్ప శిరస్త్రాణం తీయకండి. అక్కడైతే 911, ఇక్కడైతే 108.

చట్టం ఒక బండిని రోడ్డు మీదకు అనుమతించిందంటే దానర్థం నడిపితే శిక్షించదని మాత్రమే. అది సురక్షితమని చట్టం హామీ ఇవ్వలేదు. ఆ హామీ ఇవ్వలేనని తయారుచేసినవారే బండి మీద రాసిపెట్టారు. ఈ వేసవిలో ఎవరైనా తాళంచెవి అందిస్తే, ముందు ఆ నాలుగు పంక్తులూ చదవండి.