‘ఎందుకు’ అన్న గడి

అమెరికాలో వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో శాసనసభ్యుల కార్యాలయ భవనం ముందు వరుసలో నిలబడ్డప్పుడు నా కంట మొదట పడ్డవి రెండు రంగులు. కొందరి చొక్కాల మీద గుండ్రటి నారింజ స్టిక్కర్లు, వాటి మీద ‘తుపాకులు ప్రాణాలు కాపాడతాయి’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. ఇంకొందరు ఎర్ర టీషర్టులు వేసుకున్న ఆడవాళ్లు, ‘మామ్స్ డిమాండ్ యాక్షన్’ అనే సంఘం వాళ్లు. అందరూ కలిసి ఒకే వరుసలో నిలబడి, బెల్టులూ తాళంచెవులూ తీసి ట్రేల్లో వేస్తున్నారు. ముందున్న నారింజ స్టిక్కరు పెద్దాయన వెనకున్న ఎర్ర చొక్కా ఆవిడ కోసం బరువైన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ థాంక్యూ అంది. కొట్టుకుంటారేమోనని వచ్చిన నాకు కొంచెం నిరాశే.

నా సంగతి చెప్పాలి. నేను ఉద్యోగం చేసి రిటైరైంది రాయలసీమలో ఒక కలెక్టరాఫీసులో. చివరి తొమ్మిదేళ్లూ మెజిస్టీరియల్ సెక్షను. జిల్లాలో తుపాకి లైసెన్సు కోరిన ప్రతివాడి ఫైలూ నా బల్ల దాటి పోవాల్సిందే. దరఖాస్తులో ‘ఆయుధం ఎందుకు కావలెను’ అని ఒక గడి ఉండేది. ప్రాణభయం ఉందని రాసేవాళ్లు ఎక్కువ. అడవిపందులు వేరుశనగ చేను తవ్విపోస్తున్నాయని సింగిల్ బ్యారెల్ అడిగిన రైతులు కొందరు. ‘హోదా కోసం’ అని నిజం రాసేసిన కాంట్రాక్టరు ఒకడు. ఏది రాసినా పోలీసు రిపోర్టు, ఆర్డీవో రిపోర్టు, ఆ తరవాతే కలెక్టరు. వచ్చిన లైసెన్సుని అప్పట్లో మూడేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాల్సి ఉండేది. ఎన్నికలొస్తే తుపాకి తెచ్చి స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి. 1959 నాటి ఆయుధాల చట్టం మాకు భగవద్గీత. మనిషికి మూడు తుపాకులదాకా ఉండొచ్చన్న దాన్ని 2019లో రెండుకి తగ్గించినప్పుడు అప్పటికే రిటైరైన నేను పేపర్లో చదివి, ‘పాపం, మూడోది వెనక్కి తెప్పించే ఫైళ్లు ఎవడి నెత్తిన పడ్డాయో’ అనుకున్నాను.

అందుకే 2024 జనవరిలో వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో మా పెద్దమ్మ కొడుకు ఇంటికి వెళ్లినప్పుడు, ఊళ్లన్నీ చూపిస్తానంటే, ముందు రిచ్‌మండ్ తీసుకుపొమ్మన్నాను. దారిలో వాడు మెల్లగా బయటపెట్టాడు: తన దగ్గరా ఒక పిస్తోలు ఉంది. బంగారం కోసం మనవాళ్ల ఇళ్లకే కన్నాలు వేస్తున్నారని చుట్టుపక్కల భయం పుట్టాక కొన్నాడట. వెనక సీట్లో ఉన్న మరదలు ఆ మాటకి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

“ఎన్ని రోజులు పట్టిందిరా?” అన్నాను.

“రోజులా? ఫారం నింపాను, వాళ్లు స్టేట్ పోలీసు కంప్యూటర్లో చూశారు. కాఫీ తాగినంతసేపు పట్టింది అన్నయ్యా.”

కొనేవాడి నేరచరిత్రని అప్పటికప్పుడు సరిచూసే పద్ధతిని అమెరికాలో అందరికంటే ముందు, 1989లో, మొదలుపెట్టింది వర్జీనియానే. అది కట్టుదిట్టం చెయ్యడానికే పెట్టారు. కాఫీ వేళలో పని అయిపోవడం కూడా దానివల్లే.

ఈ భవనం కొత్తది, 2023లో తెరిచారు. ఇదే చోట ఉన్న పాతదాంట్లో 2006 జనవరిలో ఒక డెలిగేటు, అంటే దిగువసభ సభ్యుడు, తన గదిలో పిస్తోలు ఖాళీ చేస్తుంటే అది పేలింది. గుండు పోయి తలుపుకి తగిలించి ఉన్న బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాకి తగిలింది. కథలో రాస్తే ఎడిటరు కొట్టేస్తాడు. అప్పట్లో జనం కూడా తుపాకులతో లోపలికి రావచ్చు. 2020 జనవరి 20న తుపాకి హక్కుల వాళ్లు ఇక్కడికి 22 వేలమంది దాకా వచ్చారు. గవర్నరు నార్తమ్ అత్యవసర పరిస్థితి ప్రకటించి శాసనసభ ఆవరణలోకి ఆయుధాలు రాకుండా కంచె వేయించాడు. ఎక్కువమంది ఆ కంచె బయటే, భుజాన రైఫిళ్లతో, చలిలో నిలబడిపోయారు. ఆ మరుసటి ఏడాది అసెంబ్లీ ఆ నిషేధాన్ని చట్టమే చేసింది.

సబ్‌కమిటీ గదిలో వెనక వరుసలో చోటు దొరికింది. ఇక్కడ బిల్లు పెట్టినవాణ్ణి ప్యాట్రన్ అంటారు. ఆరోజు పెద్ద బిల్లు సైన్యం వాడే తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల మీద. 2024 జులై 1 తరవాత తయారైనవాటిని అమ్మకూడదు, కొనకూడదు. పది తూటాలకి మించి పట్టే మ్యాగజైన్లూ అమ్మకూడదు. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటి జోలికి పోరు. దాని వెనక, తుపాకి కొన్నాక చేతికి రావడానికి ఐదు రోజులు ఆగాలన్న బిల్లు.

ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. ఎమర్జెన్సీ వార్డు నర్సు ఒకావిడ, తూటా లోపల ఏం చేస్తుందో చెప్పబోయి, మొదటి గాయం దగ్గరే గంట మోగితే కూర్చుంది. నైరుతి కొండల నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చిన రైతు, “మా ఊరికి పోలీసు రావాలంటే నలభై నిమిషాలు, నా నిమిషంలో ముప్పై సెకన్లు అది చెప్పడానికే అయిపోయింది” అన్నాడు. రెండు రంగులవాళ్లూ నవ్వారు. మాజీ భర్త నుంచి దాక్కుని బతుకుతున్నానన్న ఒకావిడ ఐదు రోజులు ఆగమంటే తన గతేమిటని అడిగింది. ఆవిడ నారింజ స్టిక్కరు పెట్టుకోలేదు, ఎర్ర చొక్కా వేసుకోలేదు. నా తొమ్మిదేళ్లలో అలాంటి దరఖాస్తు ఒక్కటీ రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. భయంతో బతికే ఆడవాళ్లు మా జిల్లాలో లేక కాదు.

ఆ తరవాత గంటసేపు నడిచింది నిర్వచనాల మీద. గొట్టం చివర మర ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. భుజానికి ఆనించే బట్టు మడిచే వీలుంటే నిషేధం. మడవలేనిదైతే, పిస్తోలు పిడి లేనిదైతే, అదే తూటాని అదే వేగంతో వదిలేదైనా సరే, అమ్మొచ్చు. తుపాకివాళ్లు దీన్ని ఎగతాళి చేశారు. నాకు ఎగతాళి అనిపించలేదు. ఏ చట్టమైనా ఎక్కడో గీత గియ్యాలి, గీత పక్కన ఉన్నవాడికి అది ఎప్పుడూ తిక్కగానే కనపడుతుంది. అయితే ఒకటి: మాకు గీత దాటి లోపలికి వచ్చేవాడు ‘ఎందుకు’ అన్న గడి నింపాలి. ఇక్కడ ఆ గడి ప్రభుత్వం నింపాలి. తుపాకి కావాలన్నవాణ్ణి ఎవరూ కారణం అడగరు. వద్దన్నవాడే కారణం చూపించాలి. 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఇంట్లో తుపాకి ఉంచుకునే హక్కుని వ్యక్తికే ఇచ్చిందని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. 2022లో ఇంకొక మెట్టు ఎక్కి, కొత్త ఆంక్షకి పాత చరిత్రలో పోలిక చూపించమంది. అందుకని ఆ గదిలో లాయర్లు రెండొందల ఏళ్ల కిందట గన్‌పౌడరు ఎంత దాచుకోనిచ్చేవారన్న దాని మీద కొట్టుకుంటుంటే, ఆ నర్సు ఫోను తీసి చూసుకుంటోంది.

అన్నిటికంటే నా మనసుని పట్టుకున్నది ఒక పాత ఫైలు. గోడవార కూర్చున్న ఒక పెద్దమనిషి తన నిమిషంలో దాని పేరు ఎత్తాడు: వర్జీనియా టెక్. 2007 ఏప్రిల్ 16న ఆ యూనివర్సిటీలో ఒక విద్యార్థి 32 మందిని చంపాడు. వాళ్లలో మన దేశం నుంచి వెళ్లిన ప్రొఫెసరు ఒకాయన, విద్యార్థిని ఒకమ్మాయి ఉన్నారు. ఆ కుర్రవాడు తనకు తానే ప్రమాదకరమని 2005 డిసెంబరులోనే కోర్టు రాసింది, బయటినుంచే వైద్యం చేయించుకోమంది. ఫెడరల్ చట్టం ప్రకారం వాడికి తుపాకి అమ్మకూడదు. కానీ ఆసుపత్రిలో చేర్పించిన కేసుల్నే ఆ రోజుల్లో రాష్ట్రం పైకి పంపేది. ఆ కాగితం కంప్యూటర్లోకి ఎక్కలేదు. వాడు రెండు పిస్తోళ్లు కొన్నాడు, రెండుసార్లూ తనిఖీ దాటాడు. నెలకి ఒక్కటే కొనాలన్న చట్టం అప్పుడు ఉంది. దానికీ లోబడి నెల దాటేదాకా ఆగి రెండోది కొన్నాడు. ఒక బల్ల నుంచి పక్క బల్లకి పోవాల్సిన కాగితం పోలేదు, అంతే. ఆ మాట వింటుంటే మా సెక్షన్లో వారాలకొద్దీ కట్టవిప్పకుండా పడి ఉన్న రిపోర్టుల కట్టలు కళ్లముందు ఆడాయి. నావల్ల ఏ కాగితం ఎక్కడ ఆగిపోయిందో నాకేం తెలుసు.

ఆ లోపాన్ని ఆ నెలాఖరుకే గవర్నరు కెయిన్ ఉత్తర్వుతో పూడ్చాడు. నెలకొకటి చట్టాన్ని 2012లో తీసేశారు. 2019 మేలో వర్జీనియా బీచ్ మునిసిపల్ ఆఫీసులో కాల్పుల్లో 12 మంది చనిపోయాక ప్రత్యేక సమావేశం పిలిస్తే సభ్యులు గంటన్నరలో వాయిదా వేసుకుని వెళ్లిపోయారు. ఆ నవంబరులో సభ చేతులు మారింది, 2020లో నెలకొకటి మళ్లీ వచ్చింది. తీసెయ్యడం, పెట్టడం ఇక్కడ రివాజు.

ఓటు తీసే వేళకి మేం లేచాం. మధ్యాహ్నం పన్నెండుకి సభ మొదలవుతుంది. జెఫర్సన్ రోమన్ గుడి నమూనాలో కట్టించిన కాపిటల్‌లోకి సొరంగంలో నడిచి వెళ్లాం. ఈ అసెంబ్లీ మూలం 1619 నాటిది. వంద మంది డెలిగేట్లు, నలభై మంది సెనేటర్లు. డెలిగేటుకి జీతం అప్పట్లో ఏడాదికి 17,640 డాలర్లు, అంటే అందరికీ బయట వేరే పని ఉండాల్సిందే. సభ మొదలయ్యేముందు సార్జంటు ఒక వెండి గద మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. “భీముడేడి?” అని మరదలు గుసగుసలాడింది. ఆయుధాలు నిషిద్ధమైన చోట గద లేకుండా సభే కూడదు.

మాటలు పాత జమిందారీ మర్యాదలో ఉంటాయి. పేరు పెట్టి తిట్టుకోరు. ‘ఫెయిర్‌ఫాక్స్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒక ప్రశ్నకి తావిస్తారా’ అంటారు. ఆ మర్యాద పొరలోంచే కత్తి దిగుతుంది. నా చూపు మాత్రం బెంచీల మధ్య కాగితాలు పట్టుకుని తిరుగుతున్న పిల్లల మీదికి పోయింది. నీలం కోట్లు, పదమూడు పద్నాలుగేళ్లు. పేజీలంటారు వీళ్లని. పెద్దలు బిల్లుల్లో చెప్పుకునే ‘స్కూలు పిల్లలు’ వీళ్లే, ఆ బిల్లుల కట్టలు మోసేదీ వీళ్లే. ఆష్‌బర్న్‌లో మావాడి కూతురు, తుపాకివాడొస్తే దాక్కోవడానికి స్కూల్లో నేర్పిన లాక్‌డౌన్ డ్రిల్లుని నాకు ఆ ముందురోజే చూపించింది: దీపం ఆర్పి, తలుపుకి కనపడని మూలలో, మోకాళ్లు దగ్గరికి లాక్కుని. “దగ్గు వస్తే ఏం చేస్తావ్?” అంటే “మింగేస్తాను” అంది.

అవతల సెనేట్‌లో మన హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ అప్పుడు సభ్యురాలు. 2025 నవంబరులో లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచింది ఆవిడే. ఆ సభ గ్యాలరీ నుంచి ఆవిణ్ణి చూపించి మావాడు గర్వపడ్డాడు. ఆయుధాల విషయంలో ఆవిడ ఓటు తన వైపు కాదని గుర్తొచ్చి కొంచెం తగ్గాడు.

ఆ బిల్లు ఏమైందంటే, రెండు సభలూ దాటింది. దాని వెనక ఉన్న డెమోక్రాట్లకి అప్పుడు డెలిగేట్లలో 51, సెనేట్‌లో 21. వీటోని తిప్పికొట్టాలంటే మూడింట రెండొంతులు కావాలి. 2024 మార్చి 26న అప్పటి గవర్నరు యంగ్‌కిన్ తుపాకి బిల్లులు ఒకేసారి 30 తిప్పి పంపాడు, నాలుగిటి మీద సంతకం పెట్టాడు. మరుసటి ఏడు మళ్లీ పెట్టారు, మళ్లీ వీటో. ఒకే ఫైలు ఇన్నిసార్లు బల్ల చుట్టూ తిరగడం నాకు కొత్త కాదు.

తిరుగుదారిలో ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. 2017లో కాన్సస్ బార్‌లో కాల్పులకి చనిపోయిన హైదరాబాదు ఇంజనీరు గురించి, 2023 మేలో టెక్సస్‌లో ఆలెన్ మాల్‌కి వెళ్లి తిరిగిరాని మన అమ్మాయి గురించి మరదలే ఎత్తింది. మావాడు వాటికీ ఇంట్లో పెట్టెలో ఉన్న పిస్తోలుకీ సంబంధం ఏమిటన్నాడు. నిజమే, ఏమీ లేదు. అదే కదా అంటోంది ఆవిడ.

కాఫీకి ఆగినచోట మావాడు నవ్వుతూ అడిగాడు: “అన్నయ్యా, నా ఫైలు నీ బల్ల మీదికొస్తే ఏం రాసేవాడివి?”

“కారణం కాలమ్‌లో ఏం పెడతావ్?”

“బంగారం. దొంగల భయం.”

“‘దరఖాస్తుదారు చూపిన కారణము తృప్తికరముగా లేదు’ అని రాసి పైకి పంపేవాణ్ణి.”

వాడు పగలబడి నవ్వాడు. మరదలు కప్పు మూత సరిచేసుకుంటూ, “దాని కింద ఇంకో లైను రాయండి బావగారూ. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టుకోమని” అంది.