అమ్మ నడుము... నాన్న జీపు

"ఇది జీపా బిడ్డా, రోకలా? నడుము ఇరుగుతున్నది!"

కోట్‌పల్లి నుంచి తాండూరు ఆస్పత్రికి వెళ్తుంటే, గుంట వచ్చినప్పుడల్లా పక్క సీట్లోంచి అమ్మ ఇదే మాట.

నాన్న 1989లో కొన్న మహీంద్రా జీపు అది. ఆయన పోయాక అమ్మేద్దామంటే అమ్మే ఒప్పుకోలేదు. సరే, జీపును వదల్లేకపోతే దాని కుదుపునైనా వదిలించాలనుకున్నాను. కమాన్ పట్టీలు పీకేసి కాయిల్ స్ప్రింగులు వేయిస్తే కారులా పోతుందని మిత్రులు ఊరించారు. నిజమే కదా! రేంజ్ రోవర్ 1970లోనే కాయిల్ స్ప్రింగులతో వచ్చింది. మన థార్ కూడా 2020లో వెనక పట్టీలను వదిలేసి వాటికే మారింది.

తాండూరు బండల లారీలకు కమాన్లు కట్టడంలో తల నెరిసిన ఓ మెకానిక్ చాచా దగ్గరికి వెళ్లాను. నా కోరిక విని నవ్వాడు.

"స్ప్రింగు బరువు మోస్తది బేటా. మరి ఇరుసును ఎవరు పట్టుకోవాలె?"

అప్పుడు అర్థమైంది. పట్టీలది రెండు పనుల కొలువు. బరువు మోస్తాయి, ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టుకుంటాయి కూడా. కాయిల్ స్ప్రింగుకు రెండో పని రాదు. అందుకే లింకు రాడ్లు కావాలి. పక్కకు జరగకుండా ఓ అడ్డరాడ్డూ ఉండాలి. వాటి కోసం పాత ఛాసిస్‌కూ ఇరుసుకూ కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి. ముందువైపు అడ్డరాడ్డు వాలు, స్టీరింగు రాడ్డు వాలుతో కలవకపోతే గుంటలో పడ్డప్పుడల్లా బండి ఓ పక్కకు లాగుతుంది. ఒక్క వెల్డింగ్ ఊడిందా... అంతే సంగతులు!

పైగా చట్టం ఉంది. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాల్సిన పాత బండికి ఆ చిక్కెందుకు?

నిరాశగా లేవబోతుంటే చాచా జీపు కిందికి దూరాడు.

"పట్టీలు లెక్కబెట్టినవా? వెనక రెండు పక్కలా ఒక్కోటి ఎక్కువున్నది."

చటుక్కున గుర్తొచ్చింది. కంది బస్తాలు వేస్తే వెనక కుంగుతోందని ఒక ఏడు నాన్నే వేయించాడు. ఇప్పుడు పొలం కౌలుకిచ్చాం. జీపులో బస్తా ఎక్కి ఏళ్లయింది. జీపు మాత్రం ఆ బరువు కోసమే ఇంకా బిగుసుకుని కూర్చుంది! దానికితోడు పట్టీల మధ్య తుప్పు. ఒకదానిమీద ఒకటి జారాల్సినవి అతుక్కుపోయాయి.

అదనపు పట్టీలు తీసేశారు. మిగతావి విప్పి, తుప్పు గీకి, గ్రీజు పెట్టారు. అరిగిన బుష్‌లు, షాకిల్ పిన్నులు, షాక్ అబ్జర్వర్లు మార్చారు. రెండు రోజుల పని. కారు కాలేదు కానీ, రోకలి పోటు తగ్గింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ముసలి జీపుంటే, కొత్తవి బిగించేముందు ఓసారి పాతవి విప్పి చూడండి.

తిరుగు దారిలో కోట్‌పల్లి చెరువు కనిపించేదాకా అమ్మ మూలగలేదు. వెనక పడున్న రెండు పట్టీలను చూసి, "పాత ఇనుముకు వెయ్యకు బిడ్డా" అంది. "కమ్మరికిస్తే మంచి కొడవండ్లు చేస్తడు. మీ నాయన ఏయించిన ఇనుము... ఇంట్ల ఉండనీ."